ముందు రామప్ప, తరువాత పెట్రా

కరీంనగర్ నుంచి ఒక సోదరి ఇలా అడిగారు: “నాకు 56 ఏళ్లు, మా వియ్యపురాలికి 61. పిల్లలు డబ్బు పెడతామంటున్నారు. ఈజిప్టు, జోర్డాన్ కలిపి పన్నెండు రోజుల టూరు ఒకటి చూశాం. నలభై మంది బృందం, వెంట గైడు ఉంటాడు. పిరమిడ్లు, పెట్రా, ఎడారిలో ఒక రాత్రి. వెళ్లవచ్చా? ఇద్దరం ఒకే గదిలో ఉండవచ్చా? ఆమె మాంసం ముట్టరు, నాకు మోకాళ్ల నొప్పులు.”

చెల్లెమ్మా, మోకాళ్లకు ఉపాయముంది, శాకాహారానికి దారి ఉంది. నేను ఆగి రెండోసారి చదివింది మాత్రం ‘వియ్యపురాలు’ అన్న మాట. పెళ్లిలో లాంఛనాల దగ్గర ముఖం మాడ్చుకోని వియ్యపురాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అలాంటిది మీరిద్దరూ కలిసి సముద్రాలు దాటాలనుకోవడమే ముచ్చటగా ఉంది. అందుకే ముందు తోడు సంగతి, ఆ తరువాత గైడు సంగతి చెబుతాను. రాళ్లూ ఇసుకా వేల ఏళ్లు ఆగాయి, ఇంకో నాలుగు పేరాలు ఆగుతాయి.

హనుమకొండలో ఇరవై ఏడేళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పాను. నల్లబల్ల మీద త్రిభుజం గీసి ఇదే పిరమిడ్ అని ఏటా చెప్పినదాన్ని, అసలుదాన్ని కళ్లతో చూసింది 2016 నవంబరులో. జోర్డాన్ 2019 మార్చిలో. రెండుసార్లూ నాకు తోడు మా పెద్ద ఆడబిడ్డ, మా వారి అక్క. ఆ తరువాత తెలిసిన ఆడవాళ్లను నలుగురైదుగురిని వెంటబెట్టుకుని మరో రెండుసార్లు వెళ్లొచ్చాను. ఆడబిడ్డతో పది రోజులు ఒకే గదిలో ఉండి, తిరిగొచ్చాక కూడా మాట్లాడుకుంటున్నాం కాబట్టి వియ్యపురాలి విషయంలో నోరు విప్పే అర్హత నాకుందనుకుంటాను.

గదితోనే మొదలుపెడతాను. మా వదిన తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. లేవగానే దీపం. కైరో హోటల్లో అగ్గిపుల్ల గీస్తే పైకప్పులో పొగ గంట మోగుతుందని నేను ఆపాను. దీపం పెట్టనిదే మంచినీళ్లు కూడా ముట్టనంది. ఖాన్ అల్ ఖలీలీ బజారులో బ్యాటరీతో వెలిగే చిన్న దీపం ఒకటి కొని సంధి చేసుకున్నాం. ఇక నేనేమో రాత్రి పన్నెండు దాకా పుస్తకం పట్టుకుని కూర్చునే మనిషిని. నా వెలుతురు ఆమెకు పడదు, ఆమె తెల్లవారుజాము మేలుకొలుపు నాకు పడదు. మూడో రాత్రికి ఇద్దరికీ నిద్ర లేదు. చెప్పుకోవడానికి ఇద్దరికీ మొహమాటం.

నాలుగో రోజు లక్సర్ దగ్గర రాజుల లోయలో అది బయటపడింది. ఆ లోయలో అరవైకి పైగా సమాధులున్నాయి. మామూలు టికెట్టుతో మూడింటిలోకి వెళ్లనిస్తారు, టుటన్‌ఖామున్ సమాధికి వేరే టికెట్టు. మూడూ చూసి, నాలుగోదానికి కూడా కొందామని నేను పట్టుబట్టాను. సున్నపురాయి కొండల మధ్య మధ్యాహ్నపు ఎండ, ఆమె కాళ్లు వాచి ఉన్నాయి. “నీకు చచ్చినవాళ్ల మీద ఉన్న శ్రద్ధ బతికున్నవాళ్ల మీద లేదు” అంది. గైడు కుర్రవాడికి తెలుగు రాదు, అయినా విషయం అర్థమైంది. ఆమెను నీడలో కూర్చోబెట్టి ఎర్రటి చల్లని పానీయం తెప్పించాడు. కర్కదే అంటారు. ఒక గుక్క తాగి వదిన ముఖం విప్పారింది: “ఇది మన పుంటికూర పులుపు!” నిజమే. ఎర్ర గోంగూర జాతి మొక్క పూల అడుగున ఉండే కండగల తొడుగులను ఎండబెట్టి కాచే పానీయమది. మా గొడవ అక్కడితో తీరింది. నాలుగో సమాధి మాత్రం ఆ రోజు చూడలేదు. తరువాతిసారి చూశాను, వదిన లేకుండా. ఆ సమాధి గుర్తున్నంతగా నాకు ఆ పానీయం రుచి గుర్తుంది.

అందుకే చెబుతున్నాను, ఊళ్లలో చెరో గది తీసుకోండి. టూరు వాళ్లు దానికి అదనంగా అడుగుతారు, పిల్లలకు ఆ లెక్క ముందే చెప్పండి. ఎడారి గుడారంలో మాత్రం కలిసి పడుకోండి, అక్కడ ఒంటరిగా భయమేస్తుంది. రోజులో రెండు గంటలు ఎవరి దారి వారిది అనే నియమం కూడా పెట్టుకోండి. ఒకరు గుడి అరుగు మీద కూర్చుంటారు, ఒకరు ఇంకో గోడ చూసి వస్తారు. “మీరు రాకపోతే నేనూ వెళ్లను వదినగారూ” అనే మర్యాద ప్రయాణంలో పనికిరాదు. దానివల్ల ఇద్దరూ చూడాల్సింది చూడరు, ఇద్దరూ నొచ్చుకుంటారు.

డబ్బు కూడా అంతే. బయలుదేరే రోజున చెరి సమానంగా వేసి ఒక ఉమ్మడి సంచి పెట్టండి. నీళ్లు, టీలు, బక్షీసులు, టాక్సీలు అన్నీ అందులోంచే. రోజూ పడుకునే ముందు హిసాబు రాయండి. వియ్యంపు మర్యాదకు పోయి “ఉండనీయండి, నేనిస్తాను” అని ఒకరి మీద ఒకరు పోటీ పడితే, నాలుగో రోజు నుంచి ఎవరెన్ని టీలకు ఇచ్చారో మనసులో లెక్క నడుస్తుంది. కాగితం మీది లెక్కకంటే అది ప్రమాదం. ఇంకొకటి, చెప్పకుండా ఉండలేను. మీ ఇద్దరికీ ఉన్న ఉమ్మడి విషయం ఒకటే జంట. మీకు కూతురు అయిన మనిషి ఆమెకు కోడలు, లేదా మీ కోడలు ఆమె కూతురు. ఎటు తిప్పినా ఆ మాట నలిగేదే. మధ్యాహ్నం భోజనం అయ్యేదాకా పిల్లల ఊసు ఎత్తకూడదని ఒట్టు పెట్టుకోండి. కడుపు నిండాక ఎత్తినా ఎక్కువ నష్టం ఉండదు.

ఇప్పుడు టూరు. రెండు దేశాలూ కలపకండి. పన్నెండు రోజుల్లో రాకపోకలకే రెండు రోజులు పోతాయి. కైరో నుంచి అమ్మాన్‌కు విమానంలో గంటన్నరే, కానీ రెండు విమానాశ్రయాలు దాటేసరికి ఒక పగలు గడిచిపోతుంది. కైరో నుంచి లక్సర్ దాదాపు 650 కిలోమీటర్లు. అక్కడి నుంచి అస్వాన్ మరో 215. అస్వాన్ నుంచి అబూ సింబెల్ గుళ్లకు ఇంకో 280 పైచిలుకు, పోయిన దారినే తిరిగి రావాలి. ఇవన్నీ పోగా జోర్డాన్‌కు మిగిలేది మూడు రోజులు. పెట్రాను మూడు గంటల్లో ముగించి ఫోటో తీసుకుని బస్సెక్కమంటారు. నన్నడిగితే మొదటిసారి మీ ఇద్దరికీ జోర్డాన్ ఒక్కటే, ఎనిమిది రోజులు. దేశం చిన్నది. అమ్మాన్ నుంచి పెట్రాకు మూడు గంటల కారు ప్రయాణం, పెట్రా నుంచి వాదీ రమ్ ఎడారికి రెండు గంటలు పట్టదు. ఒకే కారు, ఒకే డ్రైవరు. పిరమిడ్ల మీదే ప్రాణం పెట్టుకుని ఉంటే మాత్రం ఈజిప్టు పది రోజులు వెళ్లి, జోర్డాన్‌ను ఇంకో ఏడాదికి వాయిదా వేయండి. ఈజిప్టుకు నవంబరు నుంచి ఫిబ్రవరి, జోర్డాన్‌కు మార్చి, ఏప్రిల్ లేదా అక్టోబరు, నవంబరు. మే నెలలో పిల్లలకు సెలవులని బయలుదేరకండి, రామగుండం ఎండ చాలదన్నట్టు ఉంటుంది. ఆ ప్రాంతపు పరిస్థితులు నెల తిరిగేలోగా మారుతుంటాయి కాబట్టి, డబ్బు కట్టే ముందు మన విదేశాంగ శాఖ ప్రయాణ సూచనలు ఒకసారి చదవండి.

నలభై మంది బృందం వద్దు. మొదటిసారి మేము వెళ్లింది అలాంటి దానిలోనే. ‘అన్నీ కలిపి’ అని రాసిన కాగితంలో అబూ సింబెల్ లేదని అస్వాన్ చేరాక తెలిసింది, అదనంగా కట్టించుకున్నారు. లక్సర్‌లో చల్లగా ఉండే ఉదయం వేళ గంటన్నర సేపు పాలరాతి బొమ్మల కార్ఖానాలో కూర్చోబెట్టి, ఎండ ముదిరాక రాజుల లోయకు తీసుకుపోయారు. పైన చెప్పిన గొడవలో సగం పాపం ఆ కార్ఖానాది. దుకాణాల్లో అమ్మకం జరిగితే గైడుకు, టూరు వాళ్లకు వాటా ముడుతుంది. అది అక్కడ బహిరంగ రహస్యం. పపైరస్ కాగితం పేరుతో అరటి నారతో చేసిన కాగితం అంటగట్టేవాళ్లూ ఉంటారు. మీరిద్దరే అయినా కారు, డ్రైవరు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్థానిక గైడు దొరుకుతారు. మనిషికి కొంత ఎక్కువ పడుతుంది, ఆ ఎక్కువతో మీ మోకాళ్ల వేగంతో నడిచే హక్కు కొనుక్కుంటారు.

మాట్లాడుకునేటప్పుడు టూరు వాళ్లను నేనడిగే ప్రశ్నలు ఇవి: ప్రవేశ టికెట్లు ఏవేవి మీవి, ఏవి మావి? ఒక్కోచోట ఎన్ని గంటలు? రోజుకు దుకాణాలు ఎన్ని? హోటళ్ల పేర్లేమిటి? దుకాణాల ప్రశ్నకు “మీ ఇష్టం మేడమ్” అంటే నమ్మకండి, ‘ఒక్కటీ వద్దు’ అని రాయించుకోండి. గైడు ఇంగ్లీషులో చెబుతాడు. మీ వియ్యపురాలికి ఇంగ్లీషు రాకపోతే మీరే తెలుగులో చెప్పాలి, దానికి ముందుగా కొంత చదువుకుని వెళ్లండి. రాజుల లోయలో సమాధుల లోపల గైడ్లను మాట్లాడనివ్వరు, బయట బొమ్మలు చూపించి అంతా చెప్పి పంపిస్తారు. లోపలికి వెళ్లేసరికి విన్నది సగం మరిచిపోతాం, కాబట్టి చిన్న నోటుపుస్తకం ఉంచుకోండి.

భాష విషయంలో మన తెలంగాణవాళ్లకు చిన్న లాభం ఉంది. దుకాణం, కుర్సీ, కలం, కితాబు, జవాబు, హిసాబు, ఇవన్నీ ఉర్దూ ద్వారా మన దగ్గరికి వచ్చిన అరబ్బీ మాటలే. వదిన భోజనశాలలో “కుర్సీ” అని చేయి చూపగానే కుర్రవాడు పరుగున కుర్చీ తెచ్చాడు. ఆ తరువాత ఆమె నన్ను అనువాదం అడగడం మానేసింది. బక్షీసు అన్న మాటకు అసలే అనువాదం అక్కర్లేదు. గిజాలో ఒంటె ఎక్కడానికి ఒక ధర, దిగడానికి ఇంకో ధర అవుతుంది. దూరం నుంచి దండం పెట్టి వచ్చేయండి.

ఈజిప్టు వెళ్తే పిరమిడ్ లోపలికి దూరకండి. ఖుఫూ పిరమిడ్ కట్టినప్పుడు 146 మీటర్ల పైన, ఇప్పుడు దాదాపు 138. లోపల వంగి నడవాల్సిన ఇరుకు దారిలో పైకెక్కాలి, గాలి ఆడదు, చివర ఖాళీ రాతిపెట్టె తప్ప ఏమీ లేదు. మీ మోకాళ్లకు అది శిక్ష. బయట కూర్చుని ఒక్క రాయి పక్కన మనిషి ఎంత ఉన్నాడో చూస్తే చాలు. టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన వస్తువులను మేము తహ్రీర్ చౌరస్తాలోని పాత మ్యూజియంలో చూశాం. 2025 నవంబరులో గిజా దగ్గర గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం ప్రారంభమైంది, ఇప్పుడు ఆ ఐదు వేల పైచిలుకు వస్తువులూ అక్కడే ఉన్నాయి. దానికి పూర్తి రోజు ఇవ్వండి. లోపల కూర్చోవడానికి చోటుంది, నీడ ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మ్యూజియం ఎప్పుడూ మంచి స్నేహితుడు.

వదినను నిజంగా కదిలించింది పిరమిడ్లు కావు. లక్సర్‌లో నైలుకు పడమటి ఒడ్డున, కొండ పాదం దగ్గర మూడంతస్తుల మెట్ల వేదికల్లా ఒక గుడి ఉంటుంది. క్రీస్తుకు పూర్వం 15వ శతాబ్దంలో ఇరవై ఏళ్లకు పైగా ఏలిన హత్షెప్సుత్ అనే ఆడ ఫారో (ఫారో అంటే ఈజిప్టు రాజు) కట్టించుకున్నది. శిల్పాల్లో ఆమె మగరాజు వేషంలో, పెట్టుడు గడ్డంతో ఉంటుంది. చనిపోయాక ఆమె బొమ్మలను, పేరును చాలాచోట్ల ఉలితో చెక్కేశారు. గైడు ఇది చెబుతుంటే వదిన నా చెయ్యి పట్టుకుంది: “రుద్రమ్మను కూడా మగవాడిలాగే పెంచారుగా?” అవును. గణపతిదేవుడు ఆమెను రుద్రదేవ మహారాజు పేరుతోనే సింహాసనం ఎక్కించాడు. 1262 నుంచి 1289 దాకా ఏలింది. రెండు ఖండాలు, మధ్యలో 2700 ఏళ్లు, ఆడది రాజ్యం చేయాలంటే వేసుకోవాల్సిన వేషం ఒక్కటే. నేను ఇరవై ఏడేళ్లు ఈ రెండు అధ్యాయాలనూ వేర్వేరు సెమిస్టర్లలో చెప్పాను, ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టలేదు. ఏడో తరగతితో బడి మానిన మా వదిన పెట్టింది.

అబూ సింబెల్ మాత్రం మీ కరీంనగర్ వాళ్లు తప్పక చూడాల్సిన చోటు. అస్వాన్ ఆనకట్ట కడితే రెండో రామ్‌సెస్ తొలిపించిన రెండు గుళ్లూ మునిగిపోతాయని, 1964 నుంచి 1968 దాకా వాటిని దిమ్మలు దిమ్మలుగా కోసి, 65 మీటర్ల పైన, 200 మీటర్ల వెనక్కి మళ్లీ అతికించారు. గుడి ముందు ఒక్కో విగ్రహం ఇరవై మీటర్ల ఎత్తు, అతుకులు వెతికినా కనబడవు. గైడు ఇంజనీర్లను పొగుడుతున్నాడు. వదిన ఒకటే ప్రశ్న వేయమంది: “మనుషులనెక్కడ పెట్టారు?” ఆ జలాశయం కింద ఇళ్లు పోయిన నూబియన్లు ఈజిప్టు, సూడాన్ కలిపి లక్షకు దగ్గర. ఈజిప్టు వైపు వాళ్లను కోమ్ ఓంబో దగ్గర కాలనీలు కట్టి దించారు. మధ్య మానేరు ముంపు ఊళ్లు చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. గైడు తానూ నూబియన్నేనని అప్పుడు చెప్పాడు. అంతవరకు రోజూ మాకు రాజుల గురించే చెప్పిన మనిషి, తిరుగు ప్రయాణమంతా వాళ్ల తాత ఊరి గురించి చెప్పాడు. మంచి గైడు నోరు విప్పించేది తోడు వచ్చినవాళ్ల ప్రశ్నలే.

ఇక పెట్రా, కొండరాతిలో తొలిచిన పాత ఊరు. ప్రవేశ ద్వారం నుంచి ఎనిమిది వందల మీటర్ల బాట, ఆ తరువాత సిక్ అనే కొండ చీలిక. 1.2 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల రెండు చేతులూ చాచితే తగిలేంత ఇరుకనిపిస్తుంది. చివరి మలుపు తిరగగానే గులాబీ రంగు కొండలో తొలిచిన ‘ఖజానా’ అనే కట్టడం, దాదాపు నలభై మీటర్ల ఎత్తు ముఖద్వారం. అందరూ అక్కడ ఫోనులు ఎత్తుతారు. మీరు ఎత్తే ముందు ఒక పని చేయండి. సిక్‌లో నడిచేటప్పుడు తలెత్తకుండా గోడ అడుగున, మీ నడుము ఎత్తులో చూడండి. రెండు పక్కలా రాతిలో తొలిచిన కాలువ మీ వెంటే వస్తుంటుంది. ఒకవైపు మట్టి గొట్టాల ముక్కలు ఇంకా కనిపిస్తాయి. ఏడాదికి రెండు వందల మిల్లీమీటర్లు కూడా సరిగా కురవని చోట పెట్రాను కట్టిన నబాతియన్లు ఆనకట్టలు, తొట్లు, కాలువలతో వేలమంది ఉండే ఊరికి నీళ్లిచ్చారు. నేను అక్కడ పాకాల, రామప్ప, లక్నవరం చెరువులను తలచుకున్నాను. కాకతీయులకు వాన దొరికింది, దాన్ని ఆపడం వాళ్ల పని. వీళ్లకు చుక్కా చుక్కా పోగుచేయడం పని. అదే సిక్‌లోకి వరద కూడా వస్తుంది. 1963 ఏప్రిల్‌లో అకస్మాత్తుగా వచ్చిన నీటిలో ఇరవై మందికి పైగా ఫ్రెంచి యాత్రికులు చనిపోయారు. ఆ తరువాత సిక్ మొదట్లో ఆనకట్ట కట్టి, వరద నీటిని నబాతియన్లు రెండు వేల ఏళ్ల కిందట తొలిచిన సొరంగంలోకే మళ్లించారు. కాబట్టి మబ్బు పట్టిన రోజున గైడు వద్దంటే వాదించకండి.

మోకాళ్ల సంగతి: ఖజానా దాకా బ్యాటరీ బండి దొరుకుతుంది, దాని టికెట్టు ముందే చెప్పి ఉంచండి. అక్కడి నుంచి కిందికి మరో రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడవవచ్చు, దారిలో టీ దుకాణాలున్నాయి. పైన మొనాస్టరీ అనే కట్టడానికి ఎనిమిది వందల మెట్లు. వాటి జోలికి పోకండి, గాడిద మీద కూడా వద్దు, దిగేటప్పుడు గుండె జారుతుంది. రెండు రోజుల టికెట్టు తీసుకుని రోజుకు సగం సగం చూడండి. జోర్డాన్ పాస్ అని ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దేశంలో కనీసం మూడు రాత్రులుంటే వీసా రుసుము మాఫీ అవుతుంది, పెట్రా టికెట్టు అందులోనే కలిసి ఉంటుంది. నేను చివరిసారి తీసుకున్నప్పుడు పెట్రాలో రెండు రోజులకు 75 దినార్లు. దినారు డాలరుకంటే ఖరీదైనదని మరవకండి, చిల్లర ఖర్చు అక్కడే చేయి జారుతుంది.

మృత సముద్రంలో తేలడం, మదాబాలో మొజాయిక్ పటం, జెరాష్‌లో రోమన్ల వీధులు, ఇవన్నీ ఒక్కో పూట పని. బాగుంటాయి. వాటి గురించి ఎక్కడైనా చదవవచ్చు.

ఎడారి గురించి చెప్పాలి. మన ఉత్తర తెలంగాణలో ఎడారి తెలియని ఇల్లు తక్కువ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఎవరు ఏ గల్ఫ్ దేశం పోయినా ఊళ్లో దాని పేరు దుబాయే. మగవాళ్లు పోతారు, ఆడవాళ్లకు దాని వార్త మాత్రం అందుతుంది. మా వదిన భర్త, నాకు అన్నయ్య వరస, సౌదీలో రోడ్డు పనుల్లో పదహారేళ్లు ఉన్నాడు. 1980లలో ఉత్తరాలతో పాటు క్యాసెట్లు పంపేవాడు. టేప్ రికార్డరు చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని వినేవాళ్లం. 2011లో పోయాడు. ఆ క్యాసెట్లు వదిన బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి.

వాదీ రమ్‌లో ఇసుక ఎర్రన, మధ్యలో నిలువుగా లేచిన ఇసుకరాతి కొండలు. 2011లో యునెస్కో జాబితాలో చేరింది. ఆ రాళ్ల మీద పాతిక వేల బొమ్మలు, ఇరవై వేల రాతలు ఉన్నాయంటారు. బెదూయిన్ అనే ఎడారి తెగకు చెందిన డ్రైవరు జీపు ఆపి ఖజాలీ అనే కొండ చీలికలో మనుషుల, జంతువుల బొమ్మలు చూపించాడు. మన పాండవుల గుట్టలో రంగుతో వేసినవి, ఇక్కడ గీసి చెక్కినవి. రాత్రి గుడారాల దగ్గర నిప్పు చుట్టూ కూర్చున్నాం. భోజనం అయ్యాక దీపాలు ఆర్పేశారు. గాలి లేచింది. కొండల మధ్య నుంచి ఒక హోరు, ఆగదు, పెరగదు. వదిన చాలాసేపు విని అంది: “ఆయన క్యాసెట్లలో మాటల వెనుక ఈ చప్పుడు ఉండేది. ఫ్యాను తిరుగుతోందనుకున్నాను ఇన్నేళ్లూ.”

నేనేమీ అనలేదు. డ్రైవరు ఇంకో గ్లాసు టీ పోసి ఇచ్చాడు. ఆ రాత్రి ఆమె దీపం గురించి అడగలేదు, నేను పుస్తకం తీయలేదు.

మీ ఇంట్లోనూ, మీ వియ్యపురాలి ఇంట్లోనూ ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉండి వచ్చే ఉంటారు. కాబట్టి ఎడారి రాత్రిని ఒక్కటికి రెండు చేసుకోండి, మృత సముద్రంలో ఒక పూట తగ్గినా నష్టం లేదు. అద్దాల బుడగల్లాంటి ఖరీదైన గదులున్న శిబిరాలు వద్దు. అక్కడ ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినబడదు. మామూలు మేకవెంట్రుకల గుడారాలవి చూడండి, మరుగుదొడ్డి దగ్గరగా ఉందో లేదో ముందే అడగండి. మార్చిలో కూడా రాత్రి వణికిస్తుంది. శాలువా, మేజోళ్లు, మంకీ క్యాపు తప్పనిసరి. మంకీ క్యాపు పెట్టుకోవడానికి సిగ్గుపడే వియ్యపురాలైతే రెండు తీసుకెళ్లండి, అర్ధరాత్రి ఆమే అడుగుతుంది. చీరే కడతానంటే కట్టుకోనివ్వండి, కింద స్పోర్ట్స్ బూట్లుంటే చాలు. వదిన పెట్రా మొత్తం నేత చీరలోనే తిరిగింది.

శాకాహారానికి ఆ దేశాల్లో ఇబ్బంది మనం అనుకున్నంత లేదు. శనగల హమ్మస్, ఫలాఫెల్, చిక్కుడు జాతి గింజలతో చేసే ఫూల్, పెద్ద రొట్టె ఎక్కడైనా దొరుకుతాయి. కైరోలో కోషరీ అని అన్నం, పప్పు, సేమ్యాలాంటివి, శనగలు, వేయించిన ఉల్లి కలిపి పెడతారు, మన కిచిడీకి దూరపు చుట్టం అనిపిస్తుంది. ఎడారి శిబిరంలో మాత్రం జర్బ్ అని మాంసాన్ని, కూరగాయలను ఇసుకలో పాతిన పొయ్యిలో అన్నీ కలిపి వండుతారు. మీ వియ్యపురాలి కూరగాయలు వేరే పళ్లెంలో పెట్టమని ముందురోజే చెప్పించండి, అప్పటికప్పుడు అడిగితే మాంసం ముక్కలు ఏరి ఇస్తారు. కారం లేక నాలుక చచ్చిపోతుంది కాబట్టి పల్లీల పొడి, నిమ్మకాయ పచ్చడి, ఒక డబ్బా సకినాలు పెట్టుకోండి. సకినాలు మేము బెదూయిన్లకు పెట్టాం. రెండు డబ్బాలు తేవాల్సింది.

మందులు చేతిసంచిలో, చీటీ నకలుతో సహా. బీమా తప్పక చేయించండి, ముందే ఉన్న జబ్బులు దాచకుండా రాసి.

ఇంకా డబ్బు కట్టకండి. ఈ నెలలోనే ఒక రెండు రోజులు మీరిద్దరూ కరీంనగర్ నుంచి బయలుదేరి మా వైపు రండి. పిల్లలు వద్దు. మొదటి రోజు ఉదయం వేయిస్తంభాల గుడి, మధ్యాహ్నం కావాలనే ఎండలో ఓరుగల్లు కోట, నాలుగు కీర్తి తోరణాల మధ్య నడవండి. సాయంత్రం పాలంపేట చేరి, చెరువు దగ్గర పర్యాటక శాఖ కాటేజీల్లో ఒకే గది తీసుకోండి. అవును, ఈసారి ఒకే గది. మర్నాడు రామప్ప గుడిలో గైడును పెట్టుకోండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని, పునాది కింద ఇసుక నింపారని, గోపురం ఇటుకలు నీటిలో తేలతాయని ఆయన చెబుతాడు. మీకు తెలిసిన విషయమే అయినా విని, ఎవరు ప్రశ్నలడుగుతున్నారో, ఎవరు వాచీ చూసుకుంటున్నారో గమనించండి. ఎవరు ముందు లేస్తారు, ఎవరికి టీ ఆలస్యమైతే మాట పెళుసవుతుంది, ఎవరికి మోకాలు నొప్పి పుట్టినా చెప్పరు, భోజనం బిల్లు ఎవరు లాక్కుంటారు, ఇవన్నీ రెండో రోజు మధ్యాహ్నానికి తెలిసిపోతాయి. తిరిగి వెళ్లేటప్పుడు పాండవుల గుట్ట దగ్గర దిగండి. ఎక్కలేకపోతే కింద కూర్చోండి.

ఇల్లు చేరాక వారం ఆగి, మీ వియ్యపురాలే ఫోను చేసి “వదినగారూ, పాస్‌పోర్టు ఫోటోలు దిగారా?” అని అడిగితే, అప్పుడు జోర్డాన్ టికెట్లు తీయించండి. ఫోను మీరే చేయాల్సి వస్తే రెండు గదులు అడగడం మరవకండి.